ఆరో ముల్లు

నమోదు 1

ఈరోజు గోడ మీద చేప గీశాను. పొడుగ్గా వెన్ను, కుడి చివర తల. తలలో ఏం రాయాలన్న దగ్గరే మొదటి తగువు వచ్చింది.

తలుపుల మేస్త్రీ జోగారావు, "బయటి తలుపు తెరుచుకోలేదు, అని రాయి పైడమ్మా" అన్నాడు. పద్ధతి ప్రకారం అతనన్నదే సరి. తలలో జరిగింది రాయాలి, ఏడుపు రాయకూడదు. మా ఊళ్ళో ఏ పొరపాటు జరిగినా గోడ మీద చేపముళ్ళు గీసి మూలం వెతికే పని నాది. ఈ మాట జనానికి ఎన్నోసార్లు నేనే చెప్పాను, కసిరి మరీ చెప్పాను. ఈసారి నా చెయ్యి నా మాట వినలేదు. "హైమ లోపలికి రాలేదు" అని రాసేశాను. ఎవరూ కాదనలేదు.

హైమ నా కూతురు. ఒక్కగానొక్కతి. పైన కరెంటిచ్చే ఎండపలకల మీద దుమ్ము పేరుకుంటే తుడవడానికి వెళ్ళింది. పని ముగించుకుని తలుపు దాకా తిరిగి వచ్చింది. బయట ఉన్నవాళ్ళు పిడి లాగితే లోపల గంట మోగుతుంది, తలుపు కాపరి చక్రం తిప్పి తెరుస్తాడు. మా తలుపు లోపలినుంచి తప్ప తెరుచుకోదు. హైమ వీపు మీది డబ్బాలో గాలి అయిపోయేదాకా ఆ తలుపు ముందే నిలబడింది. లోపల కాపలా ఉన్నవాడు ఎవరో కాదు, నా తమ్ముడు దాలి.

"ఈసారికి నువ్వొద్దులే తల్లీ, ఇంకెవరైనా గీస్తారు" అంది తవిటమ్మ పిన్ని. మా ఊరికి ఆవిడే పెద్ద.

"ఎవరు గీస్తారు పిన్నీ? చెప్పు, సుద్దముక్క ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాను. ఒక్కళ్ళూ లేవలేదు.

మూలం తేలేదాకా శవాన్ని తోట మట్టికివ్వకూడదు. చలిగదిలో ఉంచాలి. వెనకటికి ముందు మట్టికిచ్చి తర్వాత తీరిగ్గా కారణం వెతికేవాళ్ళట. మట్టి కప్పగానే అందరికీ మరుపు వచ్చేదట, మళ్ళీ అదే పొరపాటు ఇంకొకరిని తీసుకుపోయేదట. అందుకని ఈ కట్టుబాటు పెట్టారు. మంచి కట్టుబాటే. నా కూతురు చలిగదిలో పడుకునేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

నమోదు 2

పొద్దున్నే గాలి వడకట్టే గుడ్డలు ఉతికి ఆరేశాను. పనులు ఎవరి కోసమూ ఆగవు. హైమ ఉతకాల్సిన వాటా కూడా నేనే ఉతికాను.

చేప అంటున్నాను గానీ, దాన్ని నేను ఎన్నడూ చూడలేదు. మా ముత్తాతలు సముద్రం ఒడ్డున వేట చేసుకునే కుటుంబాలవాళ్ళట. పని దొరుకుతుందని ఈ చంద్రుడి మీద సొరంగాలు తవ్వడానికి వచ్చారు. ఓడలు రావడం మానేశాక ఇక్కడే ఉండిపోయాం. చేపలు రాలేదు, చేపముల్లు మాత్రం వచ్చింది. మా పిల్లల్ని చేప బొమ్మ వెయ్యమంటే నాలుగు కాళ్ళు పెడతారు.

వెన్నుకి అయిదు ముళ్ళు. యంత్రం, సరుకు, పద్ధతి, కొలత, చోటు. ఒక్కొక్క ముల్లు దగ్గరా ఊరంతా కూర్చుని "ఎందుకు?" అని అడగాలి. జవాబు వస్తే దానికో చిన్నముల్లు గీసి, మళ్ళీ ఎందుకు అని అడగాలి. ఇక జవాబు లేదు అన్న చోట మూలం. మూలం కింద "ఇకముందు" అని రాసి, మనం ఏం మార్చుకుంటామో రాయాలి. అప్పుడే మట్టి.

వెనకట ఆరో ముల్లు కూడా ఉండేది. మనిషి. మా అమ్మమ్మ రోజుల్లో ఒకసారి దాని మీద ఒక పేరు రాశారు. ఆ పేరుగల మనిషి ఒంటికి గాలి తొడుగు లేకుండా తలుపు దాటి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన తవిటమ్మ పిన్నికి తండ్రి. అప్పటికి పిన్ని ఇంకా చిన్నపిల్ల. ఆరోజు నుంచి ఆ ముల్లు గీయడం లేదు. గోడ మీద మనిషి పేరు రాయడం మా దగ్గర పాపం కింద లెక్క.

ఇవాళ యంత్రం ముల్లు చూశాం. జోగారావు పిడి లాగించాడు. గంట ఖంగున మోగింది. తోట దాకా వినబడిందని చెప్పారు. తీగ బాగుంది, చక్రం బాగుంది. మళ్ళీ మళ్ళీ లాగి చూశాడు పాపం, ఎక్కడైనా ఒక్క లోపం దొరికితే బాగుండునన్నట్టు చూశాడు. దొరకలేదు. యంత్రం ముల్లుకి పక్కన సున్నా చుట్టాను.

నమోదు 3

సరుకు చూశాం. దాని వీపు మీది గాలి డబ్బా నిండుగానే ఇచ్చారు. కొలత చూశాం, సరిగ్గానే ఉంది. చోటు చూశాం. తలుపుకున్న అద్దం ఎప్పుడో దుమ్ము గీసుకుపోయి గుడ్డిదైంది, అది కొత్త సంగతి కాదు. అద్దం లేకపోయినా గంట ఉందిగా. ఆ వేళకి ఊళ్ళో అందరూ ఆ చివర బఠాణీ నూర్పుడు దగ్గర ఉన్నారు. యంత్రం రొదలో ఎవరికీ ఏమీ వినబడలేదు. ఎవరికీ వినబడక్కర్లేదు కూడా, కాపరికి వినబడితే చాలు.

పద్ధతి దగ్గరికి వచ్చాం. తలుపు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఉన్నాడు.

దాలి లేచి నిలబడ్డాడు. వాడు నాకంటే చిన్నవాడైనా ఈ వారంలో ముసలివాడైపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. నా మొగుడు పోయాక హైమని వాడే ఎత్తుకుని తిప్పాడు, అన్నం పెట్టాడు, అల్లరి నేర్పాడు. మా యాసలో అక్కని అప్పా అంటాం. "నేను కదల్లేదప్పా. తలుపు దగ్గరే ఉన్నాను. గంట మోగలేదు" అన్నాడు. చెప్పేటప్పుడు నా వంక చూడలేదు.

బయట పిడి పనిచేస్తోంది గానీ, వంగిపోయి ఉంది. దాన్ని ఎవరో బలంకొద్దీ లాగారు. ఎవరో ఏమిటి, నా చిట్టితల్లే లాగింది. గంట మోగి తీరాలి. కాపరి అక్కడే ఉన్నాడు. అయినా తలుపు తెరుచుకోలేదు. అయిదు ముళ్ళకీ సున్నాలు చుట్టాను. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

నమోదు 4

చలిగదికి వెళ్ళాను. మాట్లాడాలనిపించడం లేదు.

నమోదు 5

తవిటమ్మ పిన్ని అంబలి పట్టుకుని వచ్చింది. ఆవిడ అంబలి పట్టుకొచ్చిందంటే వెనకాల ఏదో మాట ఉన్నట్టే.

"తీగ ఆ సమయానికి జారి ఉంటుంది పైడీ. తర్వాత దానంతటదే సర్దుకుని ఉంటుంది. రాసేద్దాం" అంది.

"జారలేదు పిన్నీ."

"జోగారావు ఒప్పుకుంటానన్నాడు. తను సరిగ్గా బిగించలేదని అందరి ముందూ చెబుతాడట. ఎవరి పేరూ రాయక్కర్లేదు. పిల్లని మట్టికిచ్చేద్దాం. ఎన్నాళ్ళని అలా వదిలేస్తావు? నీకు మాత్రం కడుపుతీపి లేదా?"

ఒళ్ళు మండిపోయింది. "నాకు లేదా? నాకు లేదా పిన్నీ? పడుకుంటే నాకు చలేస్తోంది, దానికి చలేస్తోందని!" అని అరిచాను. "దొంగ మూలం రాసి పాతిపెడితే, రేపు ఇంకొకరి పిల్ల అదే తలుపు ముందు నిలబడుతుంది. అప్పుడు నువ్వు ఎవరింటికి అంబలి పట్టుకెళ్తావు?"

ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంబలి చల్లారిపోయింది. నిజం చెప్పాలంటే, రాసేద్దామా అని నాకూ అనిపించింది. ఒక్క చిన్నముల్లు గీస్తే సరిపోతుంది. హైమ తోటలో పడుకుంటుంది. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

నమోదు 6

ఇవాళ ఏం జరిగిందో జరిగినట్టు చెబుతాను. మధ్యలో ఆగిపోతే నన్ను ఏమీ అనుకోకండి.

గంట తీగ రెండో కొస వెనక గదిలో ఉంటుంది. జోగారావుని అక్కడ కూర్చోమన్నాను. "నేను దాలితో మాట్లాడుతూ ఉంటాను. నీకు ఎప్పుడు తోస్తే అప్పుడు లాగు. ముందుగా ఎవరికీ చెప్పకు, నాకు కూడా చెప్పకు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే సరిగ్గా తెలీదు. ముళ్ళన్నీ సున్నా అయినప్పుడు మళ్ళీ మొదటికి వెళ్ళి, జరిగినదాన్ని జరిగినట్టే చేసి చూడమని మా అమ్మ చెప్పేది.

తలుపు గదిలో దాలి తొడుగు పట్టీ కుడుతున్నాడు. తల వంచుకునే ఉన్నాడు. ఎదురుగా కూర్చుని పట్టీ గురించి ఏదో అడిగాను. వాడు జవాబు చెబుతున్నాడు.

గంట మోగింది. మా నెత్తి మీదే ఉంటుంది గంట. నేను ఉలిక్కిపడి సగం లేచాను.

"ఇంకో వరస కుట్టు వేస్తే చాలప్పా, మళ్ళీ తెగదు" అన్నాడు దాలి. సూది దింపాడు, లాగాడు. మళ్ళీ దింపాడు.

మళ్ళీ మోగింది. వాడు కుడుతూనే ఉన్నాడు.

నేను మాట్లాడకపోయేసరికి వాడు తలెత్తి చూశాడు. నా మొహం చూశాడు, తర్వాత పైకి గంట వైపు చూశాడు. అది ఇంకా ఊగుతోంది. సూది వదిలేశాడు.

"మాటలు వినబడతాయప్పా" అన్నాడు. "సన్నటి మోతలే, గంటలాంటివే వినబడవు. గాలి పంపు పక్కన అన్నేళ్ళు పని చేశాను కదా, అప్పుడే పోయింది. మొదట హైమ కనిపెట్టింది. అందుకే ఎప్పుడూ ఇక్కడే కూర్చుని పని చేసుకునేది. గంట మోగగానే, మావా, అని భుజం తట్టేది. నేను తిప్పేవాణ్ణి."

హైమ బయటి పనికి వంతు వచ్చినప్పుడల్లా ఎవరితోనో మార్చుకునేది. జనం పిరికిదనేవారు. నాకు పౌరుషం వచ్చి వాళ్ళతో పోట్లాడేదాన్ని. అది మాత్రం నవ్వేసి ఊరుకునేది. ఈసారి అందరూ బఠాణీ కోతలో ఉండిపోయారు, మార్చుకోవడానికి మనిషి దొరకలేదు.

"మరి నువ్వెలా పంపావురా?" అన్నాను.

"వద్దన్నాను. ఊరికి చెప్పేస్తానన్నాను. ఒప్పుకోలేదప్పా. చెబితే నిన్ను తలుపు దగ్గర్నుంచి తీసేస్తారు మావా, నీకు తలుపు తప్ప ఏముంది, అంది. తలుపుకి అరచెయ్యి ఆనించి కూర్చో, గంట మోగితే ఇనుము వణుకుతుంది, చేతికి తెలుస్తుంది, అంది. ముందురోజు ఇద్దరం చేసి చూశాం. తెలిసింది. బాగానే తెలిసింది."

వాడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతుల్లోంచే మిగిలింది చెప్పాడు. "చెయ్యి తియ్యలేదప్పా. ఒట్టు, ఒక్కసారి కూడా తియ్యలేదు. కానీ అటు నూర్పుడు యంత్రం వేశారు. గోడలన్నీ వణకడం మొదలెట్టాయి. తలుపూ వణుకుతోంది. ఆగకుండా వణుకుతోంది. అదో, యంత్రమో తెలీలేదు. ఒకసారి తెరిచి చూశాను, ఎవరూ లేరు. అప్పటికి అది రాలేదు కాబోలు. మళ్ళీ తెరిస్తే అంత గాలి ఎందుకు పోయిందని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఇంకాసేపు చూద్దామని చెయ్యి ఆనించి కూర్చున్నాను."

తలుపుకి ఇటు వీడి చెయ్యి. అటు నా కూతురు. మధ్యలో ఇనుము. ఇంతకంటే చెప్పలేను.

నమోదు 7

దాలి ఇంటికి వెళ్ళి వాణ్ణి చెడామడా తిట్టాను. నోటికి ఏదొస్తే అది అన్నాను. చచ్చిపో అన్నాను. అన్నాక భయమేసింది. గబగబా వెళ్ళి జోగారావుని తలుపు దగ్గర కాపలా పెట్టాను, తొడుగు లేకుండా ఎవరూ బయటికి పోకుండా. తిరిగొచ్చి మళ్ళీ దాలి గుమ్మంలోనే కూర్చున్నాను. వాడి మీద అసహ్యం ఉంది. ఈ లోకంలో నాకు మిగిలినవాడు వాడొక్కడే, అదీ ఉంది. రెండూ ఒకే చోట ఎలా ఉంటాయో నాకు తెలీదు, ఉన్నాయి.

వచ్చేముందు, "రేపు గోడ దగ్గరికి రా" అని మాత్రం అన్నాను.

నమోదు 8

ఊరంతా వచ్చింది. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా వెన్ను మీద ఆరో ముల్లు గీశాను. కింద "మనిషి" అని రాశాను.

గోలెత్తిపోయింది. తవిటమ్మ పిన్ని కర్ర ఊతగా పెట్టుకుని లేచింది. "చెరుపు" అంది. "పైడమ్మా, నీకు దణ్ణం పెడతాను, చెరిపెయ్యి. ఆ ముల్లు మనిషిని తింటుంది. మా నాన్నని తింది."

నేను జవాబు చెప్పేలోగానే దాలి ముందుకు వచ్చాడు. నా చేతిలో సుద్ద తీసుకుని ఆ ముల్లు మీద తన పేరు రాశాడు. తర్వాత జనం వైపు తిరిగి, నాకు చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. దాచలేదు. ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. ఎవరో ఛీ అన్నారు.

"ఇక చాలు పైడమ్మా. తెలిసిపోయిందిగా. ఇక్కడితో ఆపేద్దాం" అన్నాడు జోగారావు.

"ఇక్కడ ఆపితే మళ్ళీ అదే అవుతుంది" అన్నాను. పిన్ని వైపు తిరిగాను. "పిన్నీ, అప్పుడు మీ నాన్న పేరు రాయడం తప్పు కాదు. రాసి, అక్కడ ఆగిపోవడం తప్పు. మిగతా ముళ్ళన్నిటి దగ్గరా ఎందుకని అడిగారు. మనిషి పేరు దగ్గర మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆయన బయటికి వెళ్ళేవాడు కాదేమో. నువ్వు ఒప్పుకుంటే నేను అడుగుతాను."

ఆవిడ చాలాసేపు ఆ పేరు వైపు చూసింది. కూర్చుంది. "అడుగు" అంది.

అడిగాను. దాలి తలుపు ఎందుకు తెరవలేదు? గంట వినబడలేదు. ఎందుకు? చెవి పోయింది. మరి కాపరికి చెవి పోయిన సంగతి ఊరికి ఎందుకు తెలీలేదు? ఒక్కొక్క జవాబుకీ చిన్నముల్లు గీసుకుంటూ పోయాను. ఒక జవాబు వెనక వరసలోంచి వచ్చింది, మనిషి లోపం గురించి నోరెత్తితే పాపమన్నాం కదా అని. నిజమే. అదీ రాశాను. జనం తలలు వంచుకున్నారు.

అదే ప్రశ్నకి రెండో జవాబు ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు. నేను రాయాలని చూస్తున్నారు, నేను రాస్తానేమోనని భయపడుతున్నారు. "హైమ దాచింది" అని రాశాను.

నా కూతురి పేరు. దానికి చదువు నేర్పినప్పుడు మొదట రాయించిన పేరు.

అలవాటు చొప్పున నా నోటంట వచ్చేసింది, "ఎందుకు?"

"నన్ను తలుపు దగ్గర్నుంచి తీసేస్తారని" అన్నాడు దాలి, చాలా చిన్నగా.

"తీసేస్తే నిన్ను తీసేస్తారు. దానికేం? అది ఎందుకు దాచింది?"

వాడు భుజం తడుముకున్నాడు. వాడి తరఫున నేనే రాశాను. "హైమకి మావంటే ప్రాణం."

రాసి, ఒక అడుగు వెనక్కి వేసి, పద్ధతి ప్రకారం ఇంకోసారి అడిగాను. "ఎందుకు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పేదేముంది? పుట్టినప్పటి నుంచీ వాడి భుజం మీద పెరిగింది. అదీ జవాబు కాదు. ఇక జవాబు లేని చోట మూలం. "మూలం తేలింది" అన్నాను. ఈ మాట ఎన్నిసార్లు అన్నానో, ఎప్పుడూ దాని తర్వాత గుండె తేలికపడేది.

"ఇకముందు" రాయాలి. మొదటివి తొందరగానే రాసేశాను. గంట పక్కన ఎర్రదీపం పెడతారు, పిడి లాగితే అదీ వెలుగుతుంది. బయట మనిషి ఉన్నప్పుడు నూర్పుడు వెయ్యరు. మనిషి ముల్లు ఇక గోడ మీద ఉంటుంది, పేరు దగ్గర ఎవరూ ఆగరు. చెయ్యో చెవో పోయినవాడికి చేయగలిగిన పని ఇస్తారు. అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు.

చివరి ముల్లు మిగిలింది. ప్రతి మూలం కిందా ఇకముందు రాయాలి, లేకపోతే మట్టి లేదు. సుద్ద పట్టుకుని దాని ముందు నిలబడ్డాను.

"ఏం రాయను పిన్నీ?" అన్నాను. "ఇకముందు ఎవరూ ఎవరికీ ప్రాణం కాకూడదని రాయనా? చెప్పు, రాస్తాను. పిల్లని మట్టికిస్తానంటే ఏదైనా రాస్తాను."

తవిటమ్మ పిన్ని మెల్లగా నడిచి వచ్చింది. కట్టుబాటంటే ఆవిడే, పిన్ని దాటిన కట్టుబాటు నాకు తెలిసి ఒక్కటీ లేదు. నా చేతిలోంచి సుద్ద తీసుకుంది, తన కొంగుకి ముడి వేసుకుంది.

"దాన్ని అలాగే ఉండనీ" అంది. వెనక్కి తిరిగి జోగారావుతో, "వెళ్ళండి, పిల్లని తీసుకురండి" అంది.

నమోదు 9

ఇంకెవర్నీ రానివ్వలేదు. చలిగదిలోకి నేనే వెళ్ళాను. కాళ్ళ వైపు దాలి వచ్చి పట్టుకున్నాడు. వద్దందామనుకున్నాను. అనలేదు.

ఈ చంద్రుడి మీద దేనికీ పెద్ద బరువుండదు. ఎంత మనిషినైనా ఇద్దరు చాలు. తోట దాకా ఎక్కడా ఆగకుండా, ఎక్కడా దించకుండా మోసుకెళ్ళాం. పక్కన నడిచేవాళ్ళు మేం అలిసిపోయామేమో, అందుకుందామా అని అడుగుతున్నారు. అలసట ఏముంది? హైమ చాలా తేలికగా ఉంది. కొంచెం బరువుగా ఉంటే బాగుండునని అనిపించింది.